ఒక్క రక్తబిందువు చెప్పే సత్యం
అండమాన్, నికోబార్ దీవులలో తల్లీబిడ్డల ఆరోగ్య పరిశోధన – ప్రయోగశాల పాత్ర

బంగాళాఖాతపు ఆగ్నేయ భాగాన, ఉత్తర దక్షిణాలుగా ఏడు వందల కిలోమీటర్లకు పైగా విస్తరించిన దీవుల వరుస అండమాన్, నికోబార్. చిన్నవీ పెద్దవీ కలిసి ఎనిమిది వందలకు మించిన ఈ దీవులలో జనావాసం గలవి కొన్ని మాత్రమే. వీటి ముఖ్యపట్టణం పోర్ట్ బ్లెయిర్. 2024 సెప్టెంబరులో దీనికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. కలకత్తా నుండి 1,255 కిలోమీటర్లు, మద్రాసు నుండి 1,190 కిలోమీటర్లు, విశాఖపట్నం నుండి 1,200 కిలోమీటర్లు సముద్రంపై ప్రయాణిస్తేనే గాని ఈ పట్టణం చేరలేము. డిగ్నాబాద్ ఈ పట్టణంలోని ఒక పేట.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల జనాభా 3,80,581. వీరిలో బెంగాలీ, హిందీ, తమిళం, తెలుగు, నికోబారీ, మలయాళం మాతృభాషలుగా గలవారు ఇరుగుపొరుగుగా జీవిస్తున్నారు. తెలుగు మాట్లాడేవారు నూటికి 13 మంది. వారిలో చాలామంది పూర్వీకులు శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుండి ఓడ ఎక్కి వచ్చినవారు. భాషలు వేరు, ఆహారపుటలవాట్లు వేరు, కాన్పు ఆచారాలు వేరు. అయితే గర్భిణికి రక్తం తక్కువైతే కలిగే ప్రమాదం మాత్రం అందరికీ ఒక్కటే. ఆ ప్రమాదాన్ని ముందుగా పసిగట్టేది ప్రయోగశాల. ఆసుపత్రిలో రోగికి కనిపించేది వైద్యుడు, నర్సు; ప్రయోగశాల తెరవెనుక ఉండిపోతుంది. అక్కడ ఏమి జరుగుతుందో, అక్కడి నుండి వచ్చే అంకెను ఎంతవరకు నమ్మవచ్చునో తెలుసుకోవడం విద్యావంతుడైన ప్రతి పౌరునికి అవసరం.

పరీక్ష ఎవరి కొరకు?

రక్తపరీక్షకు రెండు ప్రయోజనాలు ఉన్నాయి. మొదటిది, ఆ రక్తం ఇచ్చిన వ్యక్తికి చికిత్స చేయడం. రెండవది, ఆ వ్యక్తి నివసించే సమాజపు ఆరోగ్యస్థితిని అంచనా వేయడం. మొదటిదానిలో నమూనా ఒక మనిషిని గూర్చి చెబుతుంది. రెండవదానిలో వేలాది నమూనాలు కలిసి ఒక జిల్లాను గూర్చి, ఒక దేశాన్ని గూర్చి చెబుతాయి. ఎన్ని ఇనుము మాత్రలు కొనవలెను, ఏ టీకా ఏ వయసులో వేయవలెను, ఏ దీవికి ఏ వైద్యసిబ్బందిని పంపవలెను అనే నిర్ణయాలు ఈ రెండవ రకపు ఫలితాల ఆధారంగానే జరుగుతాయి.

మన దేశంలో ప్రసూతి సేవలను, శిశు సంరక్షణను, కుటుంబ సంక్షేమాన్ని ఒక్కటిగా చేర్చి పునరుత్పత్తి, శిశు ఆరోగ్య కార్యక్రమాన్ని 1997లో ప్రారంభించారు. దానికి తోడుగా జిల్లాల వారీగా ఇంటింటి సర్వేలు జరిగాయి. 1998–99లో మొదటి విడత, 2002–04లో రెండవ విడత. రెండవ విడతలో ప్రశ్నలడిగి జవాబులు వ్రాసుకొనడంతో ఆగక, పిల్లల నుండి, కిశోర బాలికల నుండి, గర్భిణుల నుండి రక్తం కూడా సేకరించారు. ఇది ముఖ్యమైన మార్పు. “మీకు నీరసంగా ఉన్నదా?” అన్న ప్రశ్నకు ఒక తల్లి “లేదు” అని చెప్పవచ్చు, చిన్ననాటి నుండి అలవాటైన నీరసాన్ని ఆమె నీరసమని అనుకోకపోవచ్చు. రక్తం మాత్రం ఉన్నదున్నట్లు చెబుతుంది. అయితే దానిని సరిగా తీసి, సరిగా దాచి, సరిగా కొలిచినప్పుడే.

వేలి కొన నుండి ప్రయోగశాల బల్ల వరకు

ప్రయోగశాలకు వచ్చే జీవ నమూనాలు పలు రకాలు. రక్తం, మూత్రం, మలం, కొన్ని సందర్భాలలో తల్లిపాలు, గర్భాశయ ముఖద్వారం నుండి తీసిన కణాలు. వీటిలో ఎక్కువగా ఉపయోగపడేది రక్తమే. దానిని రెండు విధాల తీస్తారు. మోచేతి మడత దగ్గర సిరలో సూది గుచ్చి నాళికలోనికి తీయడం ఒక పద్ధతి. వేలి కొనపైన, పసిబిడ్డలకైతే మడమ పక్కన, చిన్న గాటుపెట్టి చుక్కలుగా సేకరించడం మరొక పద్ధతి.

సిర నుండి తీసిన రక్తం ఎక్కువ పరిమాణంలో లభిస్తుంది కాబట్టి ఒకే నమూనాతో అనేక పరీక్షలు చేయవచ్చు. దానిని కాసేపు కదపకుండా ఉంచితే గడ్డకడుతుంది. ఆ నాళికను సెంట్రిఫ్యూజ్ యంత్రంలో వేగంగా తిప్పితే రక్తకణాలు అడుగుకు చేరి, లేత పసుపురంగు సీరం పైన తేలుతుంది. ప్రతిరక్షకాల పరీక్షలు, విటమినుల పరీక్షలు జరిగేది ఈ సీరంతోనే. దానిని 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచి కొద్దిరోజులలో పరీక్షించాలి; ఎక్కువకాలం దాచవలసి వస్తే సున్నాకు దిగువన 20 డిగ్రీలు, ఇంకా ఎక్కువకాలమైతే 70, 80 డిగ్రీల దిగువన గడ్డకట్టించి ఉంచాలి. ఒకసారి కరిగి, మరల గడ్డకట్టిన నమూనా విశ్వసనీయత కోల్పోతుంది.

డిగ్నాబాద్‌లో తీసిన నమూనా పట్టణంలోని ప్రయోగశాలకు కొద్దిసేపటిలో చేరగలదు. కార్ నికోబార్ అక్కడికి సుమారు 270 కిలోమీటర్ల దూరం; మధ్యలో పది డిగ్రీల జలసంధి. ఓడ బయలుదేరే సమయం, సముద్రపు పోటు, రుతుపవనాల వాన, విద్యుత్ సరఫరా – ఇవన్నీ నమూనా భవితవ్యాన్ని నిర్ణయిస్తాయి. టీకామందుకు శీతల శృంఖల ఎంత అవసరమో రక్తపు నాళికకూ అంతే అవసరం. తేడా ఏమనగా, టీకా ముఖ్యపట్టణం నుండి దీవికి పోతుంది; నమూనా దీవి నుండి ముఖ్యపట్టణానికి వస్తుంది. మంచుపెట్టె రెండు దిక్కులా ప్రయాణించాలి.

ఈ ఇబ్బందికి విజ్ఞానశాస్త్రం కనుగొన్న సులువైన మార్గం వడపోత కాగితం. 1960వ దశకం ఆరంభంలో అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ గుత్రీ, నవజాత శిశువు మడమ నుండి తీసిన రక్తపు చుక్కలను దళసరి వడపోత కాగితంపై ఆరబెట్టి, పుట్టుకతో వచ్చే ఒక జీవక్రియాలోపాన్ని గుర్తించే పద్ధతిని ప్రచారంలోనికి తెచ్చాడు. ఆరిన రక్తపు మచ్చ తేలికైనది, పగలదు, ఒలకదు, తపాలా కవరులో కూడా పంపవచ్చు. అయితే దీవులలోని తేమగాలి దానికి శత్రువు. మచ్చను నీడలో పూర్తిగా ఆరనివ్వాలి. తేమను పీల్చే పదార్థపు పొట్లంతో సహా గాలి చొరని సంచిలో భద్రపరచాలి. ఎండలో ఆరబెట్టినా, సగం ఆరిన మచ్చను మూసిపెట్టినా ఆ శ్రమ అంతా వృథా.

హీమోగ్లోబిన్ కొలత – రంగులో దాగిన లెక్క

మాతాశిశు ఆరోగ్యంలో అన్నింటికన్న ఎక్కువగా జరిగేది హీమోగ్లోబిన్ పరీక్ష. ఎర్రకణాలలో ఉండి ప్రాణవాయువును దేహమంతటికీ మోసేది హీమోగ్లోబిన్. అది తగ్గిన గర్భిణికి కాన్పులో సాధారణమైన రక్తస్రావం కూడా ప్రాణాంతకం కావచ్చు; బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో సవరించిన ప్రమాణాల ప్రకారం, డెసిలీటరు రక్తంలో హీమోగ్లోబిన్ గర్భిణికి మొదటి మూడు నెలలలోను, చివరి మూడు నెలలలోను 11 గ్రాములకు, నడిమి మూడు నెలలలో 10.5 గ్రాములకు తగ్గితే రక్తహీనతగా పరిగణిస్తారు. గర్భం లేని స్త్రీకి ఈ హద్దు 12 గ్రాములు. ఆరు నెలలు నిండి రెండేళ్లు నిండని బిడ్డకు 10.5, రెండు నుండి అయిదేళ్ల లోపు బిడ్డకు 11 గ్రాములు.

దీనిని కొలిచే ప్రామాణిక పద్ధతి వెనుక ఉన్న సూత్రం సరళమైనది. సరిగ్గా 20 మైక్రోలీటర్ల రక్తాన్ని 5 మిల్లీలీటర్ల డ్రాబ్‌కిన్ ద్రావణంలో కలుపుతారు. అందులోని రసాయనాలు ఎర్రకణాల నుండి వెలువడిన హీమోగ్లోబిన్‌ను సయన్‌మెట్‌హీమోగ్లోబిన్ అనే నిలకడైన పదార్థంగా మారుస్తాయి. ఆ ద్రావణం గుండా 540 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతిని పంపి, ఎంత కాంతి లోపల ఇంకిపోయినదో కొలుస్తారు. హీమోగ్లోబిన్ ఎంత ఎక్కువైతే అంత కాంతి ఇంకుతుంది. వడపోత కాగితంపై ఆరిన రక్తాన్ని కూడా అదే ద్రావణంలో నానబెట్టి, అదే విధంగా కొలవవచ్చు. ఈ కాగితపు పద్ధతి దూరప్రాంతాల సర్వేలకు అనుకూలమైనది. కాగితం మీద పడిన రక్తం సరిగ్గా 20 మైక్రోలీటర్లే కావడం ఇందులో కీలకం. రెండు మైక్రోలీటర్లు తగ్గితే ఫలితంలో పదో వంతు తగ్గిపోతుంది, 11.5 గ్రాములున్న ఆరోగ్యవంతురాలు 10.3 గ్రాముల రోగిగా నమోదవుతుంది.

మూడవ పద్ధతిలో, చేతిలో ఇమిడే చిన్న యంత్రం ఉపయోగిస్తారు. వేలి నుండి తీసిన చుక్కను చిన్న ప్లాస్టిక్ పలకలోనికి పీల్చి యంత్రంలో ఉంచితే నిమిషంలోపల అంకె కనబడుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలలో వాడినది ఇదే. ఇంటి గుమ్మం దగ్గరే ఫలితం చెప్పగలగడం దీని సుగుణం.

రెండు సర్వేలు, రెండు అంకెలు

ఈ పద్ధతుల మధ్య తేడా ప్రయోగశాలకే పరిమితమైన సూక్ష్మవిషయమని కొందరు తలంచవచ్చు. అది నిజం కాదు. 2016–18 మధ్య జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో పిల్లల సిర నుండి రక్తం తీసి, ప్రయోగశాలలోని స్వయంచాలక యంత్రంపై పరీక్షించారు. ఒకటి నుండి నాలుగేళ్ల పిల్లలలో నూటికి 41 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. 2019–21 నాటి అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో వేలి చుక్కను చిన్న యంత్రంతో పరీక్షించారు. ఆరు నెలల నుండి అయిదేళ్ల లోపు పిల్లలలో నూటికి 67 మంది రక్తహీనులని ఫలితం వచ్చింది.

కొద్ది సంవత్సరాలలోనే దేశంలోని పిల్లల రక్తం అంతగా పలచబడినదా? వయోపరిమితులలో తేడా ఉన్నది. మొదటి సర్వేలో లేని ఆరు నెలలు మొదలు ఏడాది లోపు పసివారిలో రక్తహీనత ఎక్కువ. కాలం కూడా ఒక్కటి కాదు. అయినను ఇంత అంతరానికి నమూనా తీసిన విధానం ఒక ముఖ్య కారణమని అనేకమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. చుక్క సులువుగా రాకపోతే వేలిని గట్టిగా పిండుతారు. అప్పుడు రక్తంతోబాటు చర్మం క్రింది కణజాల ద్రవం కూడా కలుస్తుంది. రక్తం పలచబడి హీమోగ్లోబిన్ తక్కువగా కనబడుతుంది. అందువలననే మొదటి చుక్కలను తుడిచివేసి, తరువాత దానంతట అదే ఊరిన చుక్కను తీసుకొనాలని నియమం. ఏడుస్తున్న బిడ్డ, తొందరపడే సిబ్బంది, వర్షంలో తడిసి చల్లబడిన చేతులు – ఇటువంటి పరిస్థితులలో ఆ నియమం పాటించడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

నూటికి 41, నూటికి 67 – ఈ రెండింటి మధ్య కోట్లాది పిల్లలు ఉన్నారు. అవసరం లేని బిడ్డకు ఇనుము మందు ఇవ్వడం ఒక దోషమైతే, అవసరమున్న బిడ్డను ఆరోగ్యవంతుల జాబితాలో చేర్చడం అంతకన్న పెద్ద దోషం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చేపట్టిన ఆహార, జీవసూచకాల సర్వేలో సిర రక్తాన్ని ఆధారంగా తీసుకొనడానికి ఈ వివాదమే నేపథ్యం. ఈ సంస్థ చరిత్ర కూడా చెప్పుకొనదగినది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధిపై ఒక చిన్న పరిశోధనగా ప్రారంభించిన కృషి పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలినది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పొందినది.

మరొక మాట. హీమోగ్లోబిన్ తక్కువని తెలిసినంత మాత్రాన ఎందుకు తక్కువో తెలియదు. ఇనుము లోపం కావచ్చు, ఫోలిక్ ఆమ్లం లేదా విటమిన్ బి12 లోపం కావచ్చు, కొంకిపురుగులు కావచ్చు, మలేరియా కావచ్చు, తలసేమియా వంటి వంశపారంపర్య దోషం కావచ్చు. ఇనుము నిల్వలను తెలిపే ఫెరిటిన్ పరీక్ష, పురుగుల గుడ్లకై మల పరీక్ష, హీమోగ్లోబిన్ రకాలను వేరుచేసే పరీక్ష – ఇవి చేరితే గాని చిత్రం పూర్తి కాదు.

నికోబారు తల్లులు, కామెర్ల వైరస్

దీవులలోని ఆరోగ్య సమస్యలను అక్కడే పరిశోధించుటకై భారత వైద్య పరిశోధన మండలి 1983లో పోర్ట్ బ్లెయిర్‌లో ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పినది. ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్ ప్రాంతంలో 1988 నుండి వానకాలం తరువాత కనిపించిన, రక్తస్రావంతో కూడిన వింత జ్వరం లెప్టోస్పైరోసిస్ అని 1990వ దశకంలో నిర్ధారించినది ఈ కేంద్రపు శాస్త్రజ్ఞులే. తల్లీబిడ్డల దృష్టితో చూస్తే, వారు చేసిన మరొక పరిశోధన ఇంకా ముఖ్యమైనది. అది హెపటైటిస్ బి వైరస్‌కు సంబంధించినది.

ఈ వైరస్ కాలేయాన్ని ఆశ్రయిస్తుంది. దాని ఉపరితల ప్రతిజనకాన్ని బారుక్ బ్లంబర్గ్ 1960వ దశకంలో ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తనమూనాలో కనుగొన్నాడు. అందుకే దానికి తొలుత ఆస్ట్రేలియా ప్రతిజనకం అని పేరు. 1976లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఈ ప్రతిజనకం ఆరు నెలలకు మించి రక్తంలో నిలిచి ఉంటే వ్యాధి దీర్ఘకాలికమైనదని అర్థం. అటువంటివారిలో కొందరికి దశాబ్దాల తరువాత కాలేయం గట్టిపడే వ్యాధి, కాలేయపు క్యాన్సరు సోకుతాయి.

ఇక్కడ వయస్సే విధిని నిర్ణయిస్తుంది. పెద్దవయసులో ఈ వైరస్ సోకినవారిలో నూటికి 95 మందికి పైగా దానిని వదిలించుకొంటారు. పుట్టుక సమయంలో తల్లి నుండి సోకిన శిశువులలో సుమారు నూటికి 90 మందిలో అది శాశ్వతంగా తిష్ఠ వేస్తుంది. శిశువు రోగనిరోధక వ్యవస్థ ఆ వైరస్‌ను శత్రువుగా గుర్తించకపోవడమే ఇందుకు కారణం.

జనాభాలో నూటికి 8 మంది లేదా అంతకు మించి ఈ ప్రతిజనకం ఉంటే ఆ ప్రాంతాన్ని అధిక వ్యాప్తి గల ప్రాంతంగా లెక్కిస్తారు. మన దేశపు సగటు నూటికి రెండు నుండి నాలుగు. 1990వ దశకం చివర నికోబారీల రక్తనమూనాలను పరీక్షించినప్పుడు అయిదింట ఒక వంతుకు మించిన వారిలో ఈ ప్రతిజనకం ఉన్నట్లు తేలింది. ఆ ఫలితం చూసిన పరిశోధకులు ఒక వ్యాసం ప్రచురించి ఊరుకొనలేదు. కార్ నికోబార్‌లో దేశీయంగా తయారైన పునస్సంయోజిత టీకాను వేసి, టీకా పొందినవారి రక్తాన్ని మరల పరీక్షించి, రక్షణ ఏర్పడినదా లేదా అని కొలిచారు. రక్తంలో లీటరుకు 10 అంతర్జాతీయ యూనిట్లకు మించి ప్రతిరక్షకాలు ఉత్పన్నమైతే ఆ వ్యక్తికి రక్షణ కలిగినట్లు. కనుక ఇక్కడ ప్రయోగశాల రెండుసార్లు సాక్ష్యం చెప్పినది: ముందు వ్యాధిని గూర్చి, తరువాత నివారణను గూర్చి.

దేశీయ టీకా కథలో తెలుగునాటికి గర్వకారణమైన అధ్యాయం ఉన్నది. మన దేశంలో తయారైన తొలి పునస్సంయోజిత హెపటైటిస్ బి టీకాను హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో విడుదల చేసినది. అంతవరకు విదేశీ టీకా ధర సామాన్య కుటుంబాలకు అందనిది. 2002–03లో ప్రయోగాత్మకంగా కొన్ని జిల్లాలలో, నగరాలలో మొదలైన హెపటైటిస్ బి టీకా కార్యక్రమం 2007–08లో ఆంధ్రప్రదేశ్ సహా పది రాష్ట్రాలకు, 2011 నుండి దేశమంతటికీ విస్తరించినది. పుట్టిన 24 గంటలలోపల వేయవలసిన తొలి మోతాదు ఇందులో అతి ముఖ్యమైనది. తల్లి రక్తంలో ప్రతిజనకం ఉన్నదని ముందే తెలిస్తే బిడ్డకు 12 గంటలలోపల టీకాతోబాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇవ్వవచ్చు. గర్భిణి రక్తపరీక్ష ఫలితం కాన్పుకు ముందు చేరితే అది వైద్యం. కాన్పు తరువాత చేరితే కేవలం సమాచారం.

పరీక్ష చెప్పిన “అవును” ఎంతవరకు నిజం?

ప్రతిజనకాన్ని గుర్తించే పరీక్షలలో ప్రధానమైనది ఎలీసా. 1971లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఎంగ్వాల్, పెర్ల్‌మన్ దీనిని ప్రకటించారు. ప్లాస్టిక్ పలకలోని చిన్న గుంటలలో ప్రతిరక్షకాలను ముందుగా పూత పూస్తారు. సీరం పోసినప్పుడు అందులో ప్రతిజనకం ఉంటే అది ఆ ప్రతిరక్షకాలకు అంటుకొంటుంది. తరువాత ఒక ఎంజైమును తగిలించిన మరో ప్రతిరక్షకాన్ని పోసి, అంటుకొననిదాన్నంతా కడిగివేసి, చివరకు రంగు తెచ్చే పదార్థాన్ని కలుపుతారు. రంగు వస్తే ప్రతిజనకం ఉన్నట్లు.

ఏ పరీక్షయూ నూటికి నూరుపాళ్లు నిర్దుష్టం కాదు. ఈ విషయం విద్యార్థులకు స్పష్టపడుటకై ఒక ఊహాగణితం చూద్దాము. ఒక పరీక్ష రోగులలో నూటికి 99 మందిని పట్టుకొంటుందనీ, ఆరోగ్యవంతులలో నూటికి 99 మందికి “లేదు” అని సరిగా చెబుతుందనీ అనుకొందాము. పదివేల జనాభాలో వ్యాధి నూటికి ఒక్కరికే ఉన్నచోట రోగులు 100 మంది. పరీక్ష వారిలో 99 మందిని గుర్తిస్తుంది. మిగిలిన 9,900 మంది ఆరోగ్యవంతులలో 99 మందికి పొరపాటున “ఉన్నది” అంటుంది. అనగా “ఉన్నది” అని తేలినవారిలో సగం మందికి వ్యాధి లేదు! అదే పరీక్షను నూటికి 20 మందికి వ్యాధి ఉన్నచోట చేస్తే 1,980 మంది నిజమైన రోగులు, 80 మంది మాత్రమే పొరపాటుగా చేరినవారు. అప్పుడు “ఉన్నది” అన్న మాట నూటికి 96 పాళ్లు నిజం.

ఒకే పరికరం, ఒకే రసాయనం, ఒకే నిపుణుడు. అయినను విశాఖపట్నంలోని ఫలితానికి, కార్ నికోబార్‌లోని ఫలితానికి అర్థం ఒక్కటి కాదు. అందువలన మొదటి పరీక్షలో “ఉన్నది” అని తేలిన నమూనాను మరొక పద్ధతిలో నిర్ధారించిన తరువాతనే ఆ తల్లికి ఫలితం చెప్పవలెనన్న నియమం ఏర్పడినది.

తల్లి ఇచ్చిన ప్రతిరక్షకాలు

శిశువుల నమూనాలలో ఇంకొక చిక్కు ఉన్నది. గర్భంలో ఉండగానే తల్లి రక్తంలోని ప్రతిరక్షకాలు మాయ ద్వారా బిడ్డకు చేరుతాయి. ఇది ప్రకృతి ఇచ్చిన తొలి కవచం. అయితే హెచ్.ఐ.వి. సోకిన తల్లికి పుట్టిన బిడ్డ రక్తంలో ఆ వైరస్‌కు చెందిన ప్రతిరక్షకాలు కనిపించినప్పుడు అవి బిడ్డవో తల్లివో చెప్పలేము. తల్లి ప్రతిరక్షకాలు 18 నెలల వరకు నిలువవచ్చు. అంతకాలం వేచి ఉంటే, నిజంగా వైరస్ సోకిన బిడ్డలలో అనేకులు చికిత్స మొదలు కాకముందే ప్రాణాలు కోల్పోతారు.

దీనికి పరిష్కారం, ప్రతిరక్షకాలను వదలి వైరస్ జన్యుపదార్థాన్నే వెదకడం. పి.సి.ఆర్. పద్ధతి ద్వారా అత్యల్ప పరిమాణంలో ఉన్న జన్యుపదార్థాన్ని లక్షల రెట్లు పెంచి గుర్తించవచ్చు. ఆరు వారాల శిశువు మడమ నుండి తీసి కాగితంపై ఆరబెట్టిన చుక్కలు ఇందుకు సరిపోతాయి. మన దేశంలో ఈ శిశు నిర్ధారణ కార్యక్రమం 2010లో ప్రారంభమైనది. గుత్రీ కాగితం ఈ విధంగా అర్ధశతాబ్దం తరువాత కొత్త ఉపయోగం సంపాదించుకొన్నది. నవజాత శిశువులలో థైరాయిడ్ లోపాన్ని తెలుసుకొనడానికి కూడా ఇదే కాగితం పనికివస్తుంది. ఆ లోపాన్ని మొదటి వారాలలో గుర్తించి మందు ఇస్తే బిడ్డ మెదడు చక్కగా ఎదుగుతుంది.

ఉప్పు, మూత్రం, బిడ్డ మెదడు

థైరాయిడ్ ప్రస్తావన రాగానే అయొడిన్ మాట చెప్పవలసి ఉన్నది. సముద్రం చుట్టూ ఉన్నంత మాత్రాన అయొడిన్ కొరత ఉండదని అనుకొనడం పొరపాటు. వాన నేలలోని అయొడిన్‌ను కడిగివేస్తుంది. గర్భిణికి అయొడిన్ చాలకపోతే బిడ్డ మెదడు ఎదుగుదల కుంటుపడుతుంది. శరీరంలోనికి చేరిన అయొడిన్‌లో అధికభాగం మూత్రం ద్వారా వెలుపలికి వస్తుంది కాబట్టి, దానిని కొలిస్తే ఆహారంలో ఎంత అందుతున్నదో తెలుస్తుంది. పసుపురంగు సీరియం లవణాన్ని ఆర్సీనియస్ ఆమ్లం రంగులేనిదిగా మారుస్తుంది. అయొడిన్ ఉంటే ఆ మార్పు వేగంగా జరుగుతుంది. రంగు పోయే వేగాన్ని బట్టి అయొడిన్ పరిమాణాన్ని లెక్కకడతారు. గర్భిణుల సమూహంలో మధ్యమ విలువ లీటరుకు 150 నుండి 249 మైక్రోగ్రాములుంటే తగినంత అందుతున్నట్లు. ఇది సమూహాన్ని గూర్చిన కొలత. ఒక్క తల్లి ఒక్క నమూనాతో ఆమెకు లోపమున్నదో లేదో తేల్చరాదు.

నమ్మకానికి పునాది

మంచి ప్రయోగశాలను దాని యంత్రాలను చూసి గుర్తించలేము. దాని రిజిస్టర్లను చూసి గుర్తించవచ్చు. ప్రతి నమూనాకు ఒక సంకేత సంఖ్య ఉంటుంది. పరీక్షించేవారికి ఆ నమూనా ఎవరిదో తెలియదు. ప్రతి విడతలోను, ముందే విలువ తెలిసిన నమూనాను కూడా కలిపి పరీక్షిస్తారు. దాని ఫలితం హద్దులు దాటితే ఆ విడత అంతా రద్దు చేసి మరల చేస్తారు. కొన్ని నమూనాలను రెండుగా విభజించి రెండుసార్లు, కొన్నింటిని వేరొక ప్రయోగశాలలోను పరీక్షిస్తారు. రెఫ్రిజిరేటరు ఉష్ణోగ్రతను ఉదయం, సాయంత్రం వ్రాసి ఉంచుతారు. ఇవి విసుగు పుట్టించే పనులే. అయినను వీటిలో ఒకటి లోపిస్తే కాగితం మీది అంకె వట్టి అంకెగా మిగిలిపోతుంది.

అంతకన్న ముఖ్యమైనది, రక్తం ఇచ్చినవారి సమ్మతి. వైద్య పరిశోధన మండలి 1980లోనే మనుషులపై జరిపే పరిశోధనలకు నైతిక సూత్రాలను ప్రకటించినది. 2017లో వాటిని సమగ్రంగా నవీకరించినది. రక్తం ఎందుకు తీస్తున్నారు, ఏ పరీక్షలు చేస్తారు, మిగిలిన దానిని ఏమి చేస్తారు, ఫలితం ఎవరికి తెలుపుతారు – ఇవన్నీ ఆ తల్లికి ఆమె భాషలో చెప్పాలి. ఆమె కాదంటే గౌరవించాలి. కాదన్నందుకు ఆమెకు లభించే వైద్యంలో ఏ కొరతా రానివ్వరాదు. ఈ దీవులలో “ఆమె భాష” అంటే తెలుగు కావచ్చు, బెంగాలీ కావచ్చు, నికోబారీ కావచ్చు. బయటి ప్రపంచంతో పరిచయం తక్కువైన ఆదిమ తెగల విషయంలో జాగ్రత్త రెట్టింపు కావాలి. వారి రక్షణకు 1956 నుండి ప్రత్యేక నిబంధనలు అమలులో ఉన్నాయి. వారికి ప్రయోజనం చేకూర్చని కుతూహలం కొరకు వారి రక్తం తీయడం విజ్ఞానం అనిపించుకొనదు.

ఫలితాన్ని తిరిగి చేర్చడం కూడా సమ్మతిలో భాగమే. నమూనా ఇచ్చిన తల్లికి తన హీమోగ్లోబిన్ ఎంతో, తానేమి చేయవలెనో చెప్పకుండా ఆ అంకెను సర్వే నివేదికలో మాత్రమే ముద్రిస్తే, ఆమె రక్తాన్ని తీసుకొని ఆమెను మరచినట్లే.

పోర్ట్ బ్లెయిర్‌లో స్వాతంత్ర్య యోధులను నిర్బంధించిన సెల్యులర్ జైలు ప్రాంగణంలోనే 1963లో గోవింద వల్లభ పంత్ ఆసుపత్రి వెలసినది. దానికి అనుబంధంగా 2015లో వైద్య కళాశాల కూడా ఆరంభమైనది. ఈ దీవులలో పుట్టి పెరిగినవారు ఇక్కడే వైద్యవిద్య నేర్చే అవకాశం కలిగినది. అయితే దీవులలోని ప్రతి గర్భిణి రక్తఫలితం కాన్పుకు ముందే ఆమె చేతికి చేరాలంటే వైద్యులు మాత్రమే చాలరు. చుక్కను సరిగా తీసే ఆరోగ్య కార్యకర్త, దానిని నీడలో ఆరబెట్టే అంగన్వాడీ కార్యకర్త, మంచుపెట్టెను జాగ్రత్తగా అందుకొనే ఓడ సిబ్బంది, హద్దు దాటిన విడతను నిజాయతీతో రద్దు చేసే సాంకేతిక నిపుణుడు – వీరందరూ కావాలి. జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, గణితం చదివే విద్యార్థులు తమ పాఠ్యాంశాలలోని కాంతి శోషణాన్ని, ఎంజైములను, సంభావ్యతను వేరువేరు అధ్యాయాలుగా చదువుతారు. కార్ నికోబార్‌లోనో డిగ్నాబాద్‌లోనో ఒక తల్లి వేలి నుండి ఊరిన చుక్కలో ఆ అధ్యాయాలన్నీ ఒక్కచోట చేరుతున్నవి. ఆ చుక్కను సరిగా చదువగలిగిన నాడు ఒక బిడ్డకు పుట్టిన తొలి రోజుననే రక్షణ లభిస్తుంది.